వడియాల పిండితో సమాకలనం

ఇంటర్ రెండో ఏడాదిలో లెక్కలకి రెండు పేపర్లు. మొదటిది ఎలాగో గట్టెక్కాను. రెండోదాన్ని మేం టూ-బీ అనేవాళ్ళం. అందులో పెద్ద మార్కులన్నీ ఇంటిగ్రేషన్‌వే. తెలుగు పుస్తకంలో దాని పేరు సమాకలనం. ఏ పేరుతో పిలిచినా అది నాకు పలకలేదు. ఆ పేపరు తప్పాను.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. వరి, వరి అయ్యాక మెట్టలో నువ్వులు. ఫలితాలొచ్చిన పూట నాన్న నువ్వు చేలోంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ నా మొహం చూసి సంగతి తెలుసుకున్నాడు. తిట్టలేదు. "ఒక్క సబ్జెట్టే కదేటి," అని లోపలికి వెళ్ళిపోయాడు. అన్నాలయ్యాక అమ్మతో మాత్రం, ఇంక దీన్ని చదువు చదువని ఏడిపించొద్దు, కుట్టుపని నేర్పిద్దాం అన్నాడట. కోపంతో అన్నమాట కాదది. నేను మళ్ళీ ఏడవడం చూడలేక అన్నాడు.

శ్రీకాకుళంలో మా పిన్ని జాకెట్లు కుడుతుంది. ఈ మాట చెవిన పడగానే నాన్నకి ఫోన్ చేసి, "కుట్టుపని నేర్పడానికి నాను లేనా బావా? గుంటని నాకాడికి పంపించీ," అంది. బట్టలతో పాటు టూ-బీ పుస్తకం కూడా సంచీలో పెట్టుకుని బస్సెక్కాను. పుస్తకం ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలీదు. అక్కడికి వెళ్ళిన రెండో రోజు పిన్ని ఆ పుస్తకాన్ని సంచీలోంచి తీసి నా ఒళ్ళో పడేసింది.

"మిషనెక్కడికీ పారిపోదు. ముందా పరీచ్చ సంగతి సూడు. పక్కింట్లో లెక్కల మేష్టారున్నారు, పద."

పక్కింటి మేష్టారు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కళ్ళకి నీటికాసుల జబ్బు ముదిరి, కొంతకాలం కిందటే చూపు పూర్తిగా పోయింది. వెలుగుందో లేదో తెలుస్తుంది, అంతే. చూపు పోయాక ఆయన వీధి గుమ్మం దాటడం మానేశారనీ, ఎవరైనా పాత విద్యార్థులు వచ్చినా రెండు మాటలాడి పంపించేస్తున్నారనీ ఆయన భార్య పిన్నితో చెప్పుకునేదట. ఆవిణ్ణి వీధిలో అందరూ మామ్మగారనేవారు. నేనూ అలాగే పిలిచాను.

మేష్టారు లోపలి గదిలో కిటికీ పక్కన పడక్కుర్చీలో ఉన్నారు. పిన్ని చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. విని, మెల్లిగా కాదన్నారు. బోర్డు లేకుండా కాలిక్యులస్ చెప్పడం తనవల్ల కాదని, ఆ పిల్ల ఏం రాస్తోందో తను చూడలేనప్పుడు తప్పులెలా దిద్దుతానని అడిగారు. మరో చోట ట్యూషన్ చూసుకోమన్నారు. ఆ మాటలో విసుగు లేదు. అందుకే బతిమాలడానికి కూడా మాకు ధైర్యం చాల్లేదు.

మామ్మగారు మాత్రం నన్ను వెళ్ళనివ్వలేదు. అరుగు మీద చింతపండు గుట్టగా పోసి ఉంది, గింజలు తియ్యాలి. "ఒక్కదాన్నీ సెయ్యలేకపోతన్నాను, నువ్వు కూకో," అంది. కాసేపు ఇద్దరం గింజలు తీశాం. ఆవిడ నా పుస్తకం చూసి, "నీకు రానిదేటో పైకి సదువు, వింటాను," అంది. వింటే ఆవిడకేం తెలుస్తుందని నవ్వొచ్చింది గానీ, చదివాను. ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్. దీన్ని ఇంటిగ్రేట్ చెయ్యాలి. రెండు ఫంక్షన్ల గుణకారం కాబట్టి బై పార్ట్స్ పద్ధతి అని చెప్పుకుంటూ, ఎక్స్‌ని ఇంటిగ్రేట్ చేశాను. ఎక్స్ స్క్వేర్ బై టూ వచ్చింది. మిగిలిన దాంట్లో ఎక్స్ స్క్వేర్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ తయారైంది. మళ్ళీ అదే పద్ధతి పెడితే ఎక్స్ క్యూబ్ అయింది. నా గొంతు నెమ్మదిగా తగ్గిపోయింది.

కిటికీ లోపల్నించి మేష్టారి గొంతు వినిపించింది.

"పెంచుకుంటున్నావమ్మా. తగ్గించుకోవాలి."

మామ్మగారి చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. ఆయనే మళ్ళీ అడిగారు.

"ఎక్స్‌కి డెరివేటివ్ ఎంత?"

"ఒకటండి."

"ఈ పవర్ ఎక్స్‌ని ఏం చేస్తే తగ్గుతుంది?"

"ఏం చేసినా తగ్గదండి. అదే వస్తుంది."

"మరి తగ్గేదాన్ని తగ్గించాలా, తగ్గనిదాన్నా?"

అరుగు మీదే, చింతపండు చేత్తోనే చెప్పేశాను. ఎక్స్‌ని డెరివేటివ్ వైపు పంపిస్తే ఒకటై కూర్చుంటుంది, ఇంక పని మిగలదు. ఎక్స్ ఈ పవర్ ఎక్స్ మైనస్ ఈ పవర్ ఎక్స్, ప్లస్ సి. ఏడాదంతా క్లాసులో కూర్చుని, గైడు బట్టీ పెట్టినా అంతుపట్టని లెక్క అది. కిటికీలోంచి వచ్చిన మూడు ప్రశ్నలతో అయిపోయింది. మామ్మగారు నా వీపు మీద చిన్నగా తట్టి, "రేపు కూడా ఇలగే పైకి సదువు," అంది. ఆవిడ నన్ను ఎందుకు కూర్చోబెట్టిందో అప్పుడర్థమైంది.

మర్నాడు చదివాను. ఆ మర్నాడూ చదివాను. తర్వాత మేష్టారే, అరుగు మీద ఎండ కొడుతోంది, లోపలికి రమ్మన్నారు.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. పెన్ను పట్టుకునే ముందు లెక్క ఎలా ఉందో ఆయనకి చెప్పాలి. పైనేముంది, కిందేముంది, రూటు ఎక్కడిదాకా కప్పింది, ఏది దేని పక్కన ఉంది. ఆయనకి కళ్ళు లేవు కాబట్టి నేను చూసి చెప్పాలి. మొదట్లో ఇదంతా ఆయన అవసరం కోసమే అనుకున్నాను. కొన్నాళ్ళకి నాకే తెలిసింది, అంతకుముందు నేను ఒక్క లెక్కనీ సరిగ్గా చూసినదాన్ని కాదని. కాగితం మీదకి పెన్ను ముందు పరిగెత్తేది, నేను దాని వెనక పోయేదాన్ని.

"పైన రెండు ఎక్స్ ఉందండి. కింద ఒకటి ప్లస్ ఎక్స్ స్క్వేర్."

"వాళ్ళిద్దరికీ చుట్టరికం ఉందా?"

కాస్త చూసి, కింద ఉన్నదాని డెరివేటివే పైనున్నది అని చెప్పాను. అయితే కిందదానికి టీ అని పేరు పెట్టెయ్యమన్నారు. టీ పెట్టగానే లెక్క లాగ్ దగ్గరికొచ్చి ఆగింది. ప్రతిక్షేపణ పద్ధతి అని పుస్తకంలో అంత పెద్ద పేరుతో భయపెట్టింది ఇదేనా అనిపించింది. ఆ తర్వాత ఏ లెక్క చూసినా ముందు చుట్టరికం వెతికేదాన్ని.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన లెక్క ఈ పవర్ ఎక్స్ ఇంటూ సైన్ ఎక్స్. పరీక్షలో అదే వచ్చింది. బై పార్ట్స్ చేస్తే సైన్ పోయి కాస్ వచ్చింది. మళ్ళీ చేస్తే కాస్ పోయి సైన్ వచ్చింది. బయల్దేరిన చోటికే వచ్చానని, తప్పు చేశానని, పేజీ అంతా అడ్డంగా కొట్టేశాను. ఆ సంగతి చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. మేష్టారు నన్ను ఏడవనిచ్చి, తర్వాత అడిగారు, తిరిగొచ్చినప్పుడు దాని ముందు ఏ గుర్తుందని. మైనస్ అన్నాను.

"బయల్దేరినప్పుడు ప్లస్‌తో వెళ్ళింది, ఇప్పుడు మైనస్‌తో వచ్చింది. అంటే ఉత్తినే రాలేదు కదమ్మా. దానికి ఐ అని పేరు పెట్టి ఎడమ పక్కకి పంపించు."

పంపించాను. ఎడమ పక్క రెండు ఐలు అయ్యాయి. కుడి పక్క ఇంటిగ్రల్ గుర్తు లేనేలేదు. రెండుతో భాగిస్తే జవాబు. ఆ పేజీ కొట్టెయ్యకుండా ఇంకొక్క వరస రాసి ఉంటే పాసయ్యేదాన్నేమో. ఆ మాట అంటే, "పాసై ఉంటే నువ్వు మా ఇంటికి వచ్చేదానివి కాదుగా," అన్నారాయన. ఆయన నవ్వడం అదే మొదటిసారి విన్నాను. వంటింట్లోంచి మామ్మగారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది.

తర్వాత పాక్షిక భిన్నాలు మొదలుపెట్టాం. కింద ఉన్న పెద్ద గుణకారాన్ని విడదీసి, చిన్న చిన్న భిన్నాలుగా చేసి, ఒక్కోదాన్నీ ఇంటిగ్రేట్ చెయ్యడం. రెండు ముక్కలయ్యేవి నోటితోనే అయిపోయాయి. ఒకరోజు మూడు ముక్కలయ్యేది వచ్చింది. పైన రెండు ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎక్స్ ప్లస్ ఒకటి. కింద ఎక్స్ ప్లస్ మూడు, దాని పక్కన ఎక్స్ మైనస్ రెండు హోల్ స్క్వేర్. ఏ, బీ, సీ అని మూడు విలువలు కట్టాలి. మేష్టారు కళ్ళు మూసుకుని ఏ చెప్పారు, పదహారు బై పాతిక. సీ చెప్పారు, పదకొండు బై అయిదు. బీ దగ్గర కాస్త ఆగి తొమ్మిది బై పాతిక అన్నారు. పుస్తకం వెనక ముప్పై నాలుగు బై పాతిక ఉంది.

ఎలా చెప్పాలో తెలియక, పుస్తకంలో వేరేగా ఉందండీ అన్నాను. ఆయన మళ్ళీ మొదట్నించి చెప్పమన్నారు. చెప్పాను. ఈసారి సీ మర్చిపోయారు. మూడోసారి ఏ దగ్గరే ఆగిపోయారు. కుర్చీ చేతుల మీద ఆయన వేళ్ళు బిగుసుకోవడం చూశాను. కొంతసేపటికి, "ఇంక చాలమ్మా, ఇంటికెళ్ళు," అన్నారు. గుమ్మం దాటుతుంటే మామ్మగారితో అంటున్నది వినిపించింది. ఒక పూట నా దగ్గర తప్పు నేర్చుకుపోతే ఆ పిల్ల మళ్ళీ తప్పుతుంది, నేనప్పుడే చెప్పాను కదా అని.

మర్నాడు వెళ్తే పడుకున్నారని చెప్పింది మామ్మగారు. తర్వాతి రోజూ అంతే. సప్లిమెంటరీ పరీక్ష దగ్గర పడుతోంది. పిన్ని ట్యూషన్ సెంటర్లు వాకబు చెయ్యడం మొదలుపెట్టింది. నాకు మాత్రం పరీక్ష కన్నా ఆయన మొహమే కళ్ళ ముందుండేది. ఇంట్లో కూర్చుని ఆ లెక్క మళ్ళీ చేశాను. ఆయన ఎక్కడ జారారో దొరికింది. ఎక్స్ స్క్వేర్ ముందున్న రెండు ఆయన తలలోంచి జారిపోయింది. ఏ, బీ కలిస్తే రెండు కావాలి, ఆయన ఒకటనుకున్నారు. అంతే. బోర్డు మీద రాసి ఉంటే వెనక్కి తిరిగి ఒకసారి చూసుకునేవారు. నోటితో చెప్పింది గాల్లో కలిసిపోతుంది, చూసుకోవడానికేమీ మిగలదు.

మర్నాడు పొద్దున్న మామ్మగారు మేడ మీద వడియాలు పెడుతుంటే సాయానికి వెళ్ళి ఈ సంగతి చెప్పాను. ఆవిడ తడి పంచె మీద జంతికల గొట్టంతో పిండి వత్తుతోంది. వింటూ వింటూ వత్తడం ఆపేసింది.

"అయితే ఆయనకి సూడ్డానికి కాదు, తడమడానికి ఏదో ఒకటుండాల."

పిండి తీగ ఒకటి గొట్టంలోంచి వేలితో తెంపి, పంచె మీద పెట్టి, పైనొక వంపు, కిందొక వంపు తిప్పింది. "నీ కొంకి గుర్తు ఇలగే కదా? ఆయన పుస్తకాలు దులిపి దులిపి ఇదొక్కటీ నాకు గుర్తుండిపోయింది." చూస్తే నిజంగానే ఇంటిగ్రల్ గుర్తు. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆ రోజు ఇద్దరం కలిసి అంకెలు పెట్టాం. ఒకట్లు, రెళ్ళు, మూళ్ళు, ఎక్స్‌లు, ఏ బీ సీలు, ప్లస్, మైనస్. ఎనిమిది పెట్టడం ఆవిడకి జంతిక చుట్టడం కన్నా సులువైంది. ప్రతి గుర్తూ నాలుగైదు చొప్పున చేశాం. కాకులు రాకుండా పిన్నిని కాపలా పెట్టాం. పిన్ని ఆ పంచె చూసి, "ఏటే ఇది, పరీచ్చ పేపరు ఎండేశారా?" అంది. ఆ ఎండలకి అవి మర్నాడు సాయంత్రానికి గలగలమన్నాయి.

మామ్మగారు వాటిలో కొన్ని ఇత్తడి పళ్ళెంలో వరసగా పేర్చింది. ఏ వరసలో పెట్టాలో నేను చెప్పాను. కాఫీ ఇచ్చాక పళ్ళెం తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టి, ఏమీ చెప్పకుండా పక్కన నిలబడింది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆయన వేళ్ళు పళ్ళెం అంచు తడిమాయి, తర్వాత మొదటి గుర్తు మీద ఆగాయి. పైనుంచి కిందకి, కిందనుంచి పైకి రెండుసార్లు వెళ్ళాయి. పక్కన రెండు, ఎక్స్, దాని నెత్తిన చిన్న రెండు. అక్కడిదాకా వెళ్ళిన ఆయన వేలు వెనక్కి వచ్చి, ఎక్స్ ముందున్న రెండు మీద ఆగిపోయింది.

"ఈ రెండునేనా నేను పోగొట్టుకున్నాను?" అని అడిగారు.

అవునండీ అన్నాను. ఆయన ఆ అంకె మీద వేలు అలాగే ఉంచారు. మామ్మగారు పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత మేష్టారు గొంతు సవరించుకుని, ఇంటిగ్రల్ గుర్తు పై కొన ఇంకాస్త వంగాలని, చేసినవాళ్ళకి చెప్పమని అన్నారు. చేసింది ఎవరో ఆయనకి తెలుసు. "ఈసారి వొంచుతాలెండి," అంది మామ్మగారు.

అప్పట్నించి పళ్ళెం ఆయన ఒళ్ళో, పుస్తకం నా ఒళ్ళో. లెక్కంతా పేర్చే పని లేదు. మధ్యలో మర్చిపోకూడని అంకెలు మాత్రం పెట్టేదాన్ని. ఆయన చెబుతూ చెబుతూ వేలితో తడిమి చూసుకుని ముందుకెళ్ళేవారు. రూట్లు ఉన్న లెక్కల్లో సైన్ తీటా పెట్టడం, కాస్ ఉన్నవాటిలో సగం కోణానికి టాన్ తీసుకుని టీ అనడం, హద్దులున్న ఇంటిగ్రల్స్‌లో ఎక్స్ బదులు ఏ మైనస్ ఎక్స్ రాసి రెండూ కలపడం, అన్నీ ఆ పళ్ళెం దగ్గరే నేర్చుకున్నాను. మామ్మగారు పక్కన కూర్చుని, ఏ అంకె అడిగితే అది డబ్బాలోంచి అందించేది. ఆవిడకి ఆ లెక్కలు రావు. కానీ ఇంత వయసొచ్చాక ఆయన పనిలో తనకొక చోటు దొరికిందని ఒకరోజు నాతో అంది. ఆయన కాలేజీలో ఏం చెప్పేవారో అంతకుముందు ఎప్పుడూ అడగలేదట, ఆయన కూడా చెప్పలేదట.

పరీక్ష హాల్లో అలవాటు కొద్దీ లెక్కని పైకి చదివాను. ఇన్విజిలేటర్ మేడం వచ్చి నోరు మూసుకోమంది. పెదాలు కదుపుతూ రాశాను. పాక్షిక భిన్నాలది ఒకటొచ్చింది, బై పార్ట్స్‌ది ఒకటొచ్చింది. ఒక్క పేజీ కూడా కొట్టెయ్యలేదు.

ఈసారి ఫలితాలు పిన్ని ఫోనులో చూశాం. మంచి మార్కులే వచ్చాయి. నాన్న అప్పటికే బయల్దేరి వచ్చేశాడు, తప్పినా పాసైనా నన్ను ఇంటికి తీసుకెళ్దామని. మామ్మగారు మిగిలిన అంకెలన్నీ నూనెలో వేయించి, పప్పన్నంలోకి పెట్టింది. నాన్న పళ్ళెంలోంచి ఒక అయిదు తీసి అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేం వడియమని అడిగాడు. మేష్టారు నాన్నకి మొత్తం కథ చెప్పారు. నాన్న తినడం ఆపి విన్నాడు. చెయ్యి కడుక్కున్నాక మేష్టారి కుర్చీ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. నాన్న పెద్దగా మాటలొచ్చిన మనిషి కాదు.

"నాను దీన్ని కుట్టు మిషనుకి పంపిద్దామనుకున్నానండి," అన్నాడు.

"అదీ మంచి పనేనండి. కానీ ఈ పిల్లకి ఇది వస్తాది," అన్నారు మేష్టారు, మొదటిసారి మా యాసలో.

డిగ్రీ శ్రీకాకుళంలోనే చేశాను, పిన్ని ఇంట్లో ఉండి. ఫస్టియర్ అయ్యేసరికి మేష్టారి గదిలో నేనొక్కదాన్నే లేను. వీధిలో పిల్లలు, వాళ్ళ స్నేహితులు సాయంత్రాలు వచ్చి లెక్కలు పైకి చదివేవారు. ఆయన మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. తర్వాత మామ్మగారి చెయ్యి పట్టుకుని నాగావళి వంతెన దాకా నడిచి వచ్చేవారు. తిరిగొచ్చేటప్పుడు ఎవరో ఒక పాత విద్యార్థి ఎదురై పలకరించేవాడు. ఆయన గొంతు పట్టి గుర్తుపట్టి, ఏ బ్యాచో చెప్పేవారు.

ఇప్పుడు నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. నా క్లాసులో బోర్డుంది, నాకు కళ్ళున్నాయి. అయినా పిల్లల్ని లేపి, లెక్క ఎలా ఉందో ముందు చెప్పమంటాను. పక్క క్లాసు వాళ్ళు గోలగా ఉందంటారు. ఉంటుంది మరి. నన్ను చదువులో నిలబెట్టింది ఎవరని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు నలుగురున్నారు. సంచీలోంచి పుస్తకం తీసి ఒళ్ళో పడేసిన పిన్ని, చింతపండు వంకతో కూర్చోబెట్టిన మామ్మగారు, అనుకున్నది మార్చుకోవడానికి సిగ్గుపడని నాన్న, చూపు పోయాక కూడా నాకు చూడడం నేర్పిన మేష్టారు. వీళ్ళలో ఏ ఒక్కరు ఆ వేసవిలో లేకపోయినా నేనిలా ఉండేదాన్ని కాదు. ఆ మాట వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా నాకు చాలదు. వాళ్ళు మాత్రం ఒక్కసారి కూడా పూర్తిగా చెప్పనివ్వరు.

మొన్న సెలవులకి శ్రీకాకుళం వెళ్తే మేష్టారికి వినికిడి కాస్త తగ్గింది. కుర్చీ దగ్గరగా జరుపుకుని కూర్చున్నాను. నా క్లాసులో వెనక బెంచీలో ఒకమ్మాయి ఉంది, ఎంత అడిగినా నోరు విప్పదు. దాని సంగతి ఫోనులో ఎప్పుడో చెప్పాను. అది గుర్తుపెట్టుకుని, ఆ పిల్ల మాట్లాడిందా అని అడిగారు.

"మాట్లాడిందండి. రూటు లెక్క ఒకటి లేచి చెప్పింది. కానీ తప్పు చెప్పింది."

"ఎక్కడ తప్పింది?" అంటూ ఆయన చెవి నా వైపు తిప్పారు.

నేను మొదటి వరస నుంచి, కొంచెం గొంతు పెంచి, చెప్పడం మొదలుపెట్టాను.